సయామ ఆడిన అబద్ధాలు

ఆవిడ జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడలేదని జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్దగారు సెలవిచ్చారు. పిల్లల చదువులో దేవుడికి సగం, లోకానికి సగం పంచిందనీ, ఆ పంపకంలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదనీ కూడా అన్నారు. హాలు నిండా తలలు ఊగాయి. వెనక బెంచీలో కూర్చున్న నేను "రెండూ తప్పే" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పెద్దగారు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "సావు కూడికలో కూడా నీకు తగువే కావాలేటమ్మా?" అని, వెంటనే ప్రార్థనలోకి దిగిపోయారు. ప్రార్థన చేస్తున్న మనిషికి అడ్డం చెప్పలేం కదా. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఇరుకున పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకుంటారు.

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ అబద్ధాలాడింది. నాకు తెలిసినవి రెండు, రెండూ నా కోసమే. అవి లేకపోతే నేను ఈపాటికి నది అవతల తన్లిన్‌లో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళ చర్మం పోగొట్టుకుని ఉండేదాన్ని. లెక్కల్లో డిగ్రీ మాట అటుంచండి, పదో తరగతి గడప కూడా తొక్కేదాన్ని కాదు. ఇక పంపకం సంగతా? అందరికీ సరిగ్గానే పంచింది, నాకు తప్ప. నా దగ్గరికొచ్చేసరికి దేవుడి వాటాకి కోత పెట్టేసింది. ఎందుకు పెట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. పుణ్యాత్మురాలు అనే ఒక్క మాటలో చుట్టేసి పూడ్చిపెడితే అది ఇక ఎప్పటికీ తేలదు. నా గోల అంతా అదీ.

సయామ అంటే బర్మా భాషలో పంతులమ్మ, పంతులైతే సయా. మా తెలుగువాళ్ళూ, పక్కింటి బర్మావాళ్ళూ, వీధి మొదట్లో మొహింగా అనే చేపల పులుసు అమ్మే ఆవిడా, అందరూ సయామ అనే పిలిచేవారు. ఆవిడకొక పేరుందన్న సంగతి శవపేటిక మీద చదివేదాకా సగంమందికి తెలీదు. చదివాక కూడా "ఎవరిది?" అని అడిగినవాళ్ళున్నారు.

మా ముత్తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి ఓడలెక్కి రంగూన్‌లోని అహ్లోన్ బియ్యం మిల్లులకీ, రేవులకీ వచ్చినవాళ్ళు. మిల్లులు పోయాయి, మేం మిగిలాం, మాతోపాటు ఒక చర్చీ, దాని పక్కన రేకుల హాలూ మిగిలాయి. సయామ ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పింది. ఆ ముప్పై ఏళ్ళూ, ఆ తరవాతా కూడా, పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఈ హాల్లో మా పిల్లల్ని కూర్చోబెట్టేది. మొదటి గంట లెక్కలు, రెండో గంట తెలుగు బైబిలు. ఈమధ్య కొన్నేళ్ళుగా, ముందు కోవిడ్ వచ్చీ, తరవాత సైన్యం గద్దెనెక్కీ, బడులు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, తెరిచినా చాలామంది పంపక, అంతా గందరగోళమైనప్పుడు అదే హాలు రోజంతా నడిచే బడి అయింది. మధ్యాహ్నం దాకా వాక్యం, ఆ తరవాత తక్కినవన్నీ. వాక్యం ఆవిడది. లెక్కలు నావి.

మనిషి ఐదో తరగతి పిల్లంత ఉండేది. మామూలు రోజుల్లో బర్మా ఆడవాళ్ళలా తమీన్ లుంగీ కట్టుకుని, ఆదివారం మాత్రం చీరలోకి మారేది. రెండు బుగ్గల మీదా గుండ్రంగా, గంధంలా అరగదీసిన తనకా చెక్క పూత. దాని మీద సుద్దపొడి. ఏది పూసుకున్నదో, ఏది పడిందో తెలిసేది కాదు. సుద్దముక్క కొప్పులో గుచ్చుకుని, దానికోసం హాలంతా వెతికేది. అది ఎక్కడుందో పిల్లలందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పేవాళ్ళు కాదు. వాళ్ళకున్న వినోదం అదొక్కటే. కోపమొస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. తిట్లు వినపడాలంటే హాలంతా ఊపిరి బిగబట్టాలి. ఇంకా ఆ కిళ్ళీ! బాప్టిస్టు పంతులమ్మ కిళ్ళీ నమలొచ్చా అంటే, నమలకూడదు. అందుకే చర్చి వెనకాలకి వెళ్ళి ఉమ్మొచ్చేది. పెద్దగారి ప్రార్థన ఎంత పొడుగు సాగినా దవడలో కిళ్ళీని కదలకుండా నిలబెట్టగలిగేది. ఆవిడ భక్తికి అంతకుమించిన రుజువు నేను చూడలేదు.

ఆ హాల్లో ఒక వింత ఆచారం ఉంది. ప్రతి పిల్లకీ ఒకటే నోటుపుస్తకం. ముందు అట్ట నుంచి లెక్కలు. పుస్తకం బోర్లా తిప్పి, తలకిందులు చేసి, వెనకట్ట నుంచి వాక్యం. రెండూ నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. కలిసిన రోజున కొత్త పుస్తకం. గంట మారగానే కంచం మీద గరిటెతో కొట్టి "తిప్పు!" అనేది. నెలకోసారి ప్రతి పుస్తకాన్నీ తీసుకుని, అటు రాసిన కాగితాల్నీ ఇటు రాసిన కాగితాల్నీ బొటనవేలితో విడివిడిగా నొక్కి మందం చూసేది. ఒక పక్క లావెక్కిందంటే ఆ పిల్ల పని అయిందే. "ఒలే గుంటా, లెక్కల్తోనే కడుపు నింపేసుకున్నావేటే? మరి దేవుడికేటి మిగిల్సినావు?" అనేది. వాక్యం పక్క లావెక్కినా ఊరుకునేది కాదు. "ఎక్కువ రాసేసినంత మాత్రాన దేవుడు మార్కులేస్తాడేటే? తిప్పు."

ఈ ఆచారం ఎక్కడిదంటే, యూదుల దగ్గర్నుంచి వచ్చింది. నవ్వకండి. యుద్ధానికి ముందు రంగూన్ నడిబొడ్డున యూదుల బడి ఒకటి ఉండేది. సయామ వాళ్ళమ్మ అందులో ఆయా. పిల్లలు పొద్దున్న వాళ్ళ దేవుడి చదువు చదివి, తరవాత ఇంగ్లీషూ లెక్కలూ చదివేవారు. బల్లలు తుడుస్తూ ఆ తల్లి పిల్లల పుస్తకాలు చూసేది. ఒకే పుస్తకం, ఆ కొస నుంచి దేవుడూ, ఈ కొస నుంచి లెక్కలూ. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు. చదువంటే అంతటా అలాగే ఉంటుందనుకుంది. యుద్ధం వచ్చింది, యూదుల కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి, బడి పోయింది. కొన్నేళ్ళకి కూతుర్ని సర్కారు బడిలో వేస్తూ, పెద్ద జ్ఞానిలా పుస్తకం రెండు వైపులా మొదలెట్టించి పంపింది. మొదటి రోజే ఆ పిల్లకి రెండు చేతుల మీదా బెత్తం దెబ్బలు పడ్డాయి. ఇంటికొచ్చి చెబితే, "నాను సూసినాను గదే, పెద్ద పెద్దోల్ల పిల్లలు అలాగే రాసేవోరు. మీ సయాకే తెల్దు" అందట తల్లి.

సయామ ఈ కథ చెప్పినప్పుడల్లా అరచేతులు చూపించేది, డెబ్భై ఏళ్ళ కిందటి దెబ్బలు ఇంకా అక్కడే ఉన్నట్టు.

నాకు ఫోనూ ఇంటర్నెట్టూ వచ్చాక వెతికి, అసలు సంగతి కనిపెట్టి, ఎగురుకుంటూ వెళ్ళాను. "సయామా, ఆల్ల బాస కుడి నుంచి ఎడమకి రాస్తారు. ఆల్ల పుస్తకానికి మొదలు మనకి సివర. అందుకని అటునించి మొదలెట్టేవోరు. మన తెలుగుకి ఈ తిప్పలేటి? మావూలుగా రాసుకోవచ్చు గదా?"

"తెలుసే" అంది.

"ఎప్పట్నించి తెలుసు?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

"మరి ఇన్నేల్లూ మార్సలేదేటి?"

"మా యమ్మ కల్లతో సూసిందే సెప్పింది. అందులో అబద్దం నేదు గదా. నాను మార్సినాననుకో, మా యమ్మకి ఏటీ తెల్దని నానే ఊరంతా సాటినట్టు." కిళ్ళీ ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చింది. "ఐనా యిదే మంచిదిలే. దేవుడూ లెక్కలూ ఒక్క కొసనే కూకుంటే కొట్టుకుంతారు. సెరో కొసనా ఉంతే, మద్దెలో కలిసేతలికి ఇద్దరూ అలిసిపోయి ఉంతారు."

అంటే, చదువురాని ఒక ఆయా పొరపాటు మీద మా బడి మొత్తం నిలబడి ఉంది. జ్ఞాపకార్థ కూడికలో ఈ ఆచారాన్ని "దైవికమైన ఏర్పాటు" అన్నారు. నేను దగ్గాను.

దేవుడూ లెక్కలూ కొట్టుకున్న రోజు ఒకటి చూశాను. ఆరో తరగతి పిల్ల ఒకతి వాక్యం గంటలో లేచి నిలబడింది. సొలొమోను గుడిలో పోతపోసిన ఇత్తడి తొట్టి ఉంది కదా, దాని అడ్డం పది మూరలు, చుట్టుకొలత ముప్పై మూరలు అని రాసుంది. "సయామా, ముప్పైని పదితో బాగిస్తే మూడు. మజ్జానం గంటలో లెక్కల సయామ మూడు కాదు, ఇరవై రెండు బై ఏడు అంది. ఎవులికి తప్పొచ్చింది? దేవుడికా, ఆ సయామకా?"

హాలు రెండో చివర దిద్దుకుంటున్న నేను కలం ఆపేశాను. సయామ కొంచెం కూడా తడబడలేదు.

"పుస్తకం యీ పక్క నుంచి తీస్తే మూడు. తిప్పి తీస్తే ఇరవై రెండు బై ఏడు. పరీచ్చలో ఏ పక్కనుంచి తియ్యాలో తెలుసు గదా?"

"తెలుసు. మరి నిజం ఏది సయామా?"

"ఆ తొట్టి సేసినోన్ని అడగాల. కంచరోడు నీలాగే సగం కొలిసి, మిగతాది ఊహించుంతాడు. కూకో."

ఇరవై రెండు బై ఏడు కూడా పూర్తి నిజం కాదని నేను అందుకోబోయాను. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క చూపు విసిరింది. నోరు మూసుకున్నాను. నా నోరు మూయించగలిగిన మనుషులు ఇద్దరే. ఆవిడ ఒకరు. రెండో ఆవిడ మా అమ్మ, ఆమె కూడా అప్పుడప్పుడే.

ఆ రెండట్టల పుస్తకం ఆవిడకి ఇంకో రకంగానూ పనికొచ్చింది. బడి రోజంతా నడవడం మొదలయ్యాక ఒక ఉదయం వార్డు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. అనుమతి లేని బడి నడుపుతున్నారని ఎవరో చెప్పారట. సయామ ఆయన్ని కూర్చోబెట్టి, ఒక పుస్తకం తీసి, వాక్యం పక్క నుంచి చేతికిచ్చింది. ఆయనకి తెలుగు రాదు. గుండ్రటి అక్షరాలు చూస్తూ పేజీలు తిప్పాడు. "ఇదంతా ప్రార్థనలేనా?" "అంతా దేవుడి మాటే." సరిగ్గా మధ్యకి వస్తున్నాడనగా టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, పుస్తకం అందుకుంది. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే ఒక పిల్ల తల్లి తగువుకొచ్చింది, మా పిల్ల సింగపూరులో ఉద్యోగం చెయ్యాలి గానీ మీ కీర్తనలు దానికెందుకు అని. సయామ అదే పుస్తకాన్ని రెండో అట్ట నుంచి తెరిచి చూపింది. "సూడు తల్లీ, పేజీ నిండా ఆల్‌జీబ్రాయే. కీర్తనేదైనా కనపడితే సెప్పు." ఆ తల్లి కూడా మధ్యదాకా పోకముందే శాంతించింది.

వీటిని నేను అబద్ధాల కింద వెయ్యను. చూపించిన ప్రతి పేజీ నిజమే. అట్ట ఒకటే వేరు. నేను అబద్ధాలన్నవి ఇవి కాదు.

నాకు పదిహేనో ఏడు. హాలుకి వెళ్ళడం మొదలెట్టి అప్పటికి నెలే. నాన్న సేక్కాన్ రేవులో మూటలు మోసేవాడు. ఆ ఏడు నడుము పట్టేసి సగం రోజులు ఇంట్లోనే. తన్లిన్‌లో రొయ్యలు ఒలిచే షెడ్డులో మా మేనత్త పనిచేసేది. అక్కడొక చోటు ఖాళీ అయిందని కబురు పంపింది. నాన్న పొద్దున్నే నాతోపాటు హాలుకి వచ్చాడు. అప్పుడే సుద్దముక్క కోసం వెతుకుతోంది సయామ.

"సయామ్మా, రేపట్నుంచి గుంట రాదండి. తన్లిన్ అంపుతన్నాం, ఆల్ల మేనత్త కాడికి."

"ఏటి పనికి?"

"రొయ్యలొలిసే పనండి."

సయామ వెతకడం ఆపింది. "అయ్యో తమ్మీ! ఎంత పని సేసినావు! నాను సంగంలో సెప్పేసినాను గదా."

"ఏటి సెప్పేసినారండి?"

"నీ కూతుర్ని బైబిల్ ఉమన్ సేత్తన్నానని. దేవుడి పనికి ఏరిన పిల్లయ్యా ఇది. ఇప్పుడు రొయ్యలకి అంపుతానంతే, నాను అక్కడేటి సెప్పాల?" అని వేలితో పైన రేకులకేసి చూపించింది.

నాన్న కూడా రేకులకేసి చూశాడు. నేనూ చూశాను. నేను దేవుడి పనికి ఏరిన పిల్లనన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది మరి. బైబిల్ ఉమన్ అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించే మనిషి. మా సంఘంలో ఆవిడకి బాగా మర్యాద ఉంటుంది. నేనా, ఆరాధనలో రెండో పాటకే నిద్రపోయేదాన్ని.

"ఎన్నాల్లు పడతాదండి?" అన్నాడు నాన్న.

"రెండేల్లు. ముందు పది పాసవ్వాల."

"బైబిలు సదవడానికి పదెందుకండీ?"

"పరిసుద్ద గ్రందంలో సంక్యాకాండం అని ఒక పుస్తకమే ఉన్నాది, తెల్దా? లెక్కలు రాకపోతే అందులో ఏటి బోదపడతాది?"

రేవులో మేస్త్రీలకి భయపడని మనిషి, సంఖ్యాకాండానికి తలవంచాడు. మేనత్తకి కబురు వెళ్ళింది. ఆ రొయ్యల చోటులో ఇంకెవరి కూతురో చేరింది.

ఇది మొదటి అబద్ధం. సంఘంలో ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం పరుగెత్తుకెళ్ళి చెప్పింది.

మర్నాడు నేను బుద్ధిగా పుస్తకం వాక్యం పక్కన తెరిచి కూర్చున్నాను. దేవుడి పిల్లని కదా. సయామ వచ్చి, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తిప్పి, లెక్కల పక్క నుంచి ముందు పెట్టింది. "త్రికోణమితి తియ్యి" అంది. గంటయింది. కంచం మోగింది. "తిప్పు!" అంది అందరితో. నేను తిప్పబోతే, నా పుస్తకం మీద అరచెయ్యి వేసి నొక్కింది. ఆవేళే కాదు, రెండేళ్ళపాటు రోజూ అదే. అందరూ తిప్పేవాళ్ళు. నా పుస్తకం మీద ఆ చెయ్యి ఉండేది. లెక్కలు మధ్య గీత దాటి, అవతలి సరిహద్దులోకి చొరబడి, వెనకట్ట దాకా పాకాయి. అక్కడ చేరిన కొత్తలో రాసిన ఆదికాండం మూడు పేజీలు తలకిందులుగా ఎదురయ్యాయి. నా పుస్తకంలో సృష్టి మూడో దినం దగ్గర ఆగిపోయింది. గడ్డి మొలిచింది, సూర్యుడు ఇంకా పుట్టలేదు. నెలాఖరున బొటనవేలు పెట్టి అందరి పుస్తకాలూ చూసినప్పుడు నాది మాత్రం చూడకుండా పక్కన పెట్టేది.

అప్పుడు నాకు ఆనందమే. అబద్ధమెందుకు చెప్పాలి? వాక్యం తప్పించుకున్నానని గంతులేశాను.

రెండో అబద్ధం మరుసటి ఏడు కోత పండగ నాడు. చర్చి నిండా అరటిగెలలూ గుమ్మడికాయలూ. ఇప్పటి పెద్దగారు అప్పుడు కుర్ర పెద్ద. లేచి నిలబడి, "కాబోయే మన బైబిల్ ఉమన్ ఇప్పుడు నూట పందొమ్మిదో కీర్తన సూడకుండా సెప్తాది" అని ప్రకటించారు. బైబిల్లో అన్నిటికంటే పొడుగైన కీర్తన అది. నాకు దాని పొడుగు తప్ప ఇంకేమీ తెలీదు. నాకు రాదని తేలితే సాయంత్రానికల్లా నాన్నని నిలదీస్తారు, మర్నాటికల్లా నేను తన్లిన్‌లో ఉంటాను.

సయామ లేచింది. దవడలో కిళ్ళీ సర్దుకుంది. "గుంటకి గొంతు పోయింది. వారం దాకా నోరు మెదపొద్దన్నాడు డాట్రు" అంది, సాక్షాత్తూ ప్రసంగవేదిక ముందు నిలబడి.

ఆ పొద్దున్న నేను చెల్లెలితో దెబ్బలాడుతుంటే నా అరుపులు మా వీధంతా విన్నారు. నాన్నయితే మధ్యలో నిలబడి విడదీశాడు. చర్చిలో తలలన్నీ నాన్న వైపు తిరిగాయి. నాన్న నన్ను చూశాడు. సయామని చూశాడు. లేచి, తలపాగా గుడ్డ చేతిలో నలుపుతూ, "అవునండి. పొద్దున్న నించి గుంటకి మాటే నేదు" అన్నాడు.

అంటే నాన్నకి తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో మాత్రం చెప్పకుండానే పోయాడు.

వారం రోజులు నేను మాట్లాడలేదు. నా జీవితంలో నేను ఒక్క వాదనా నెగ్గని వారం అదొక్కటే. చుట్టుపక్కలవాళ్ళు అల్లం, తేనె తెచ్చిచ్చారు. కుర్ర పెద్దగారు ఇంటికొచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి గొంతు కోసం అరగంట ప్రార్థన చేశారు. ఎనిమిదో రోజున నాకు గొంతొచ్చింది. రాక ఏం చేస్తుంది? ఆయన మాత్రం ఆ అద్భుతాన్ని ముప్పై ఏళ్ళుగా సాక్ష్యంలో చెబుతున్నారు. మొన్నటి కూడికలోనూ చెప్పారు. ఆ గొంతుతోనే ఆయనతో రోజూ పోట్లాడుతున్నానని గుర్తురాదు కాబోలు.

పది పాసయ్యాను, లెక్కల్లో డిస్టింక్షన్‌తో. ఆ తరవాత ఇంట్లోంచే చదివి డిగ్రీ తెచ్చుకున్నాను. బైబిల్ ఉమన్ సంగతేమిటని పెద్దగారు వచ్చి అడిగితే సయామ తాపీగా, "గుంటకి పిలుపు రాలేదంట. మనం బలవంతం సేస్తే వస్తాదేటి?" అంది. దీన్ని అబద్ధాల్లో వెయ్యాలో నిజాల్లో వెయ్యాలో నాకిప్పటికీ తెలీదు. పిలుపు వచ్చిందో లేదో నన్నయితే ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంతవరకూ విన్నవాళ్ళెవరైనా ఏమంటారు? పాపం పిల్ల చదువు ఆగకూడదని తల్లిలాంటి పంతులమ్మ చిన్న అబద్ధమాడింది, ఉన్న సమయమంతా పరీక్షకే పెట్టింది, అందులో అంత తవ్వాల్సిందేముంది అంటారు. నేనూ పాతికేళ్ళకు పైగా అలాగే అనుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఇంకో పిల్ల వచ్చేదాకా.

ఆ పిల్ల నాకంటే తెలివైంది. నేను ఇలాంటి మాట అంత తేలిగ్గా అననని తెలిసినవాళ్ళకి తెలుసు. తండ్రి లేడు, తల్లి పిల్లని కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో చేర్చాలని చూస్తోంది. పరీక్షకి ఒక్క ఏడాదే గడువు. నేను సయామ దగ్గర కూర్చున్నాను.

"ఈ పిల్లకి ఒక్క ఏడాది వాక్యం గంట కూడా నాకు వదిలెయ్యి సయామా."

"సగం అంతే సగం."

"ఒక్క ఏడాదే."

"సగమే అన్నాను గదా."

"నాకైతే మొత్తం ఇచ్చేసినావు గదా! రెండేల్లు! నా పుస్తకం మీద సెయ్యి పెట్టి మరీ ఆపినావు. దీనికి ఒక్క ఏడాది ఇవ్వలేవేటి?"

నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నీ సంగతి యేరు" అంది.

"ఏటి యేరు?"

లేచి, ఉమ్మడానికి చర్చి వెనకాలకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. గోడవైపు తిరిగి నిలబడింది. నోటినిండా కిళ్ళీ ఉన్న మనిషితో ఎవరు వాదించగలరు?

ఆ పిల్లకి సయామ సగం ఇచ్చింది, నేను సగం ఇచ్చాను. పిల్ల పాసైంది. నాకంటే ఎక్కువ మార్కులే. పైగా నూట పందొమ్మిదో కీర్తన మొదటి నుంచి చివరిదాకా చూడకుండా చెబుతుంది. అంటే రెండూ కుదిరేవే. సమయం చాలక నాకు తప్పించిందన్న మాట అక్కడితో చెల్లలేదు. సగం చదువుతో కూడా నేను గట్టెక్కేదాన్నే. లెక్కల మనిషి, ఆ సంగతి ఆవిడకి తెలియదా?

ఈ వానల్లో జబ్బు పడింది. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నమంతా ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. అడగాలనే వెళ్ళాను. జావ కాచి పట్టాను. ఉప్పు ఎక్కువైందంది. కాలేదన్నాను. అయిందంది. చెంచాతో నేను రుచి చూసి, కాలేదని తేల్చాను. "నీకు నాలుక నేదు" అంది. అలా ఉప్పు మీద గంటసేపు వాదించుకుని, నెగ్గానన్న తృప్తితో ఇంటికొచ్చాను. నాలుగోనాడు పోయింది. నలభై ఏడేళ్ళ మనిషిని, డిగ్రీ ఉన్నదాన్ని, ఉన్న ఒక్క మధ్యాహ్నాన్నీ జావలో పోశాను.

ఇప్పుడు హాలు సంగతి. సంఘంవాళ్ళు కూర్చుని తేల్చారు, వాక్యం చెప్పకుండా ఉత్త లెక్కల కోసం హాలు ఇవ్వడం కుదరదని. వాక్యం చెప్పడానికి వేరే ఎవరూ లేరు. తెలుగు చదవగలిగినవాళ్ళే మాలో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. "నువ్వే సెప్పాల, నేకపోతే మూసేద్దాం" అన్నారు పెద్దగారు. మూసేస్తే ముప్పైమంది పిల్లలు వీధిలో ఉంటారు. అందుకని పొద్దున్న పూట వాక్యం కూడా నేనే చెబుతున్నాను. ముందురోజు సాయంత్రం కూర్చుని, మర్నాడు చెప్పబోయేది నేను మొదటిసారి చదువుకుంటున్నాను. పిల్లలకంటే ఒక్క పూట ముందున్నానంతే. మోషే గట్టెక్కాడా లేదా అని నాకు నిజంగానే ఆదుర్దాగా ఉంటోంది. ఈ వయసులో.

దేవుడంటే నాకు కోపమేమీ లేదు. పరిచయం లేదు, అంతే. ఆ పరిచయం చెయ్యాల్సిన మనిషి వీధిలో ప్రతి పిల్లకీ చేసి, నా ఒక్కదాని దగ్గర పుస్తకం మీద చెయ్యి వేసి ఆపేసింది. నా చదువు కోసం, పోనీ, తన దేవుడికి చెందిన వాటా కోసి నాకు పెట్టిందనుకుందాం. అలాగైతే అది ఆవిడ చేసిన ఒకే ఒక్క దొంగతనం, నేను దానికి జీవితాంతం దణ్ణం పెట్టాలి. అలాకాక, పదిహేనేళ్ళ నన్ను ఒక్క చూపు చూసి, ఈ గుంటలో దేవుడికి చోటు లేదు, ఎందుకు దండగ అని అప్పుడే తేల్చేసిందా? ఏది, సయామా? ఏటి యేరు నా సంగతి?